విశాఖలో పెళ్లి అలంకరణ: తంతుతో మొదలుపెట్టి పూల దాకా

మా మేనకోడలి పెళ్లి భీమిలి రోడ్డులోని ఒక కల్యాణ మండపంలో చేశాం. ముహూర్తం రాత్రి 1 గంట 48 నిమిషాలకు. జీలకర్ర బెల్లం పెట్టడం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ చక్కగా జరిగాయి. హోమం దగ్గరకొచ్చేసరికి పురోహితులు గారు ఒకసారి తల పైకెత్తి చూసి, చేతిలోని కర్పూరం పళ్లెంలో పెట్టేశారు. సరిగ్గా గుండం పైన లేత గులాబీ నెట్ గుడ్డ మడతలు మడతలుగా వేలాడుతోంది. కూర్చున్న మనిషి చెయ్యెత్తితే అందేంత కిందికి ఉంది. దాని నిండా ప్లాస్టిక్ పూలు. కుర్రాళ్లు నిచ్చెన వెతికి తెచ్చి ఆ గుడ్డ కోసి తీసేసరికి అరగంట పట్టింది. పెళ్లికూతురి మధుపర్కం మీద దారప్పోగులు, దుమ్ము. మా వదిన మొహం చూడలేకపోయాను.

డెకరేషన్ వాళ్లను అనడానికి ఏమీ లేదు. మేము వాళ్లకు ఫోన్‌లో ఒక ఫొటో చూపించాం, వాళ్లు అచ్చం అలాగే చేశారు. ఆ ఫొటోలో హోమగుండం లేదు, అంతే.

అప్పటి నుంచి మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో పెళ్లయినా అలంకరణ పని నేనే దగ్గరుండి చూసుకుంటున్నాను. ఫొటోలు ఆఖరున చూస్తాను. ముందు తంతు రాసుకుంటాను. ఏ తంతు ఎక్కడ జరుగుతుంది, ఎవరు కూర్చుంటారు, చేతిలో ఏముంటుంది, ఎటు నడుస్తారు అన్నది తేలితే అలంకరణలో సగం పని అయిపోయినట్టే. ఇక్కడ రాసేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

ముందు పురోహితుడితో ఒక గంట

డెకరేషన్ వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకముందే పురోహితుడి దగ్గర ఒక గంట కూర్చోండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి. వధూవరులు ఎటు తిరిగి కూర్చుంటారు, హోమగుండం ఏ మూలకు వస్తుంది, గౌరీపూజ గదిలోనా మండపం పక్కనా, స్నాతకం ఎక్కడ, నవధాన్యాలు మొలకెత్తించే పాలికలు ఎక్కడ పెట్టాలి, పెళ్లయ్యాక చేసే నాగవల్లి అదే మండపంలో ఉంటుందా, పండితులు కూర్చుని ఆశీర్వదించే సదస్యం ఉందా లేదా, ఇవన్నీ అడగాలి. ఒక్క ఉత్తరాంధ్రలోనే ఇంటికో ఆనవాయితీ ఉంటుంది. మీ ఇంటి పెద్దావిడను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే, పురోహితుడు చెప్పనివి ఆవిడ చెబుతారు. అరివేణి కుండలు పెట్టే ఇల్లయితే కుమ్మరి ఇంటి నుంచి రంగులేసిన ఆ కుండలు వస్తాయి. వాటికి మండపం దగ్గర చోటు కావాలి. చాలామంది ఈ సంగతి పెళ్లిరోజు దాకా మర్చిపోయి, చివరికి కుండల్ని స్పీకర్ పెట్టె పక్కన సర్దుతారు. మండపానికి అంతకన్నా అందమైన వస్తువు ఇంకోటి లేదు. ముందే తెలిస్తే వాటిని ఎదురుగా, వెలుగు పడేచోట పెట్టించవచ్చు.

ఒక్కో తంతుకూ ఒక్కో అవసరం ఉంటుంది. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చే ఇల్లయితే, దారి వెడల్పు కనీసం ఆరడుగులు ఉండాలి. రెండు పక్కలా పూలకుండీలు పెట్టి దారిని మూడడుగులకు కుదించేస్తే మేనమామలు అడ్డంగా నడవాల్సి వస్తుంది, బుట్ట ఒరిగిపోతుంది. మండపం మెట్లు కూడా అంతే. మెట్టు ఎత్తు ఆరంగుళాలు మించకుండా, లోతు అడుగుకు తగ్గకుండా చేయించండి. బుట్ట అంచుకు లోపలివైపు మెత్తటి గుడ్డ కుట్టించాలి, లేకపోతే వెదురు ఈనెలు పట్టుచీరను లాగేస్తాయి.

అడ్డుతెరను చాలామంది ఇప్పుడు ఫ్రేముకు కట్టేస్తున్నారు. అలా చేయవద్దు. ఇద్దరు మనుషులు రెండు కొసలూ పట్టుకుని, సుముహూర్తానికి ఒక్కసారిగా దించాల్సిన తెర అది. మా ఇంట్లో పొందూరు ఖద్దరు మీద పసుపుతో స్వస్తిక్ గీసి తెర చేయించాం. పల్చగా, తేలిగ్గా ఉంటుంది. పెళ్లయ్యాక అమ్మాయి దాన్ని దాచుకుంది.

సన్నాయి మేళం వాళ్లకు చోటు కూడా అలంకరణ లెక్కలోదే. పురోహితుడు చెయ్యెత్తి సైగ చేయగానే గట్టిమేళం మోగాలి. ఆ సైగ వాళ్లకు కనబడాలి. పూల గోడ వెనకో, స్తంభం చాటునో కూర్చోబెడితే మాంగల్యధారణకు ఎవరో ఒకరు పరుగెత్తి చెప్పాల్సి వస్తుంది.

డాబా మీద సుద్దముక్కతో

మండపం కొలత కాగితం మీద అర్థం కాదు. సుద్దముక్క తీసుకుని డాబా మీద 12 అడుగులకు 12 అడుగులు గీయండి. ఇంట్లో ఉన్న మనుషుల్ని అందులో కూర్చోబెట్టండి. వధువు, వరుడు, రెండువైపులా తల్లిదండ్రులు, ఇద్దరు పురోహితులు, మధ్యలో గుండం బదులు ఒక బేసిన్, పూజ సామాన్ల బదులు నాలుగు పళ్లేలు. ఇప్పుడు ఇద్దరిని లేపి బేసిన్ చుట్టూ ఏడడుగులు నడవమనండి. ఎవరి కాలు ఎవరికి తగులుతుందో అప్పుడే తెలుస్తుంది. నా అనుభవంలో 12 అడుగులు ఇరుకు. లోపలి కొలత 14 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు ఉంటే హాయిగా సరిపోతుంది. ఫొటోలు, వీడియో తీసేవాళ్లకు ఒక పక్కన మూడడుగుల చోటు విడిగా గీసిపెట్టండి. లేకపోతే వాళ్లు సరిగ్గా చుట్టాలకు ఎదురుగా నిలబడతారు.

మండపం ముందు నేలమీద పెద్ద పూల అమరిక పెట్టడం ఇప్పుడు అలవాటైంది. దాని ఎత్తు అడుగున్నర దాటితే ముందు వరుసలో కూర్చున్న తాతయ్యకు పీటల మీది పిల్ల కనబడదు. నీళ్లు పోసిన ఇత్తడి పాత్రలో పూలు పరిస్తే ఎత్తు తక్కువ, అందం ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలు దీనికి ఎంతో బాగుంటాయి.

మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులకు నేలపీటలు కష్టం. ఆరేడు అంగుళాల ఎత్తున్న పీటలు చేయించి, నాలుగు పీటలూ ఒకే ఎత్తులో ఉండేలా చూడండి.

సముద్రం పక్కన ఉన్నామని గుర్తుపెట్టుకుని

విశాఖలో అలంకరణ చేసేవాళ్లకు మొదటి చుట్టం గాలి. రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట పెళ్లంటే ఇప్పుడు అందరికీ ఇష్టమే. నాకూ ఇష్టమే. కానీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సముద్రపు గాలి నేరుగా ఒడ్డుకు కొడుతుంది. వెనక కట్టే బ్యాక్‌డ్రాప్ గుడ్డ నిండుగా ఉంటే అది పడవ తెరచాపలా పనిచేస్తుంది. గాలి దాన్ని నింపి, ఫ్రేము మొత్తాన్ని ముందుకు తోస్తుంది. అందుకని అక్కడ గుడ్డ బదులు సందులున్న అల్లిక వాడండి. కొబ్బరాకు తడకలు, వెదురు జాలీ, వేలాడే పూలదండలు బాగుంటాయి. గాలి వాటి మధ్య నుంచి పోతుంది, దండలు ఊగుతాయి, అది కూడా చూడ్డానికి బాగుంటుంది. ఫ్రేము కాళ్లు ఇసుకలో దిగబడకుండా కింద ప్లైవుడ్ పలకలు వేసి, ప్రతి కాలికీ ఇసుక బస్తా కట్టి, వెనక నుంచి ఏటవాలుగా తాళ్లు బిగించాలి. స్థలం చూడటానికి మీరు పొద్దున్నే వెళ్లి మురిసిపోయి రావద్దు. పెళ్లి ఏ వేళకో ఆ వేళకే వెళ్లి ఒక గంట నిలబడండి. చీర కొంగు ఎటు ఎగురుతుందో చూడండి. ఆ వైపు హోమగుండానికి తడక అడ్డు కావాలి, లేకపోతే నిప్పురవ్వలు వధూవరుల మీదికే వస్తాయి. దీపాలు గాజు చిమ్నీల్లో పెట్టించండి.

ముహూర్తాలు ఎక్కువగా ఉండే మాసాలను బట్టి కూడా ఆలోచించాలి. మాఘం, ఫాల్గుణం హాయి. వైశాఖం, జ్యేష్ఠంలో ఉక్కపోత, గులాబీలు గంటల్లో వాడిపోతాయి. శ్రావణంలో వాన. కార్తీకం, మార్గశిరం చల్లగానే ఉంటాయి కానీ అది తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లం, ఆ రోజుల్లో ఆరుబయట పెళ్లి పెట్టుకుంటే లోపల ఇంకో హాలు కూడా చేతిలో ఉంచుకోవాల్సిందే. ఫ్రేమును లోపలికి మార్చగలిగేలా విడి ముక్కలుగా చేయమని ముందే చెప్పండి.

ఆరుబయట అయితే ఇంకో మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ముహూర్తం అర్ధరాత్రి ఉంటే మంత్రాలు వినబడేలా చుట్టాలను మండపానికి దగ్గరగా, మూడువైపులా కూర్చోబెట్టే అమరిక చేయాలి. నిజానికి స్పీకర్ లేని పెళ్లి ఎంత బాగుంటుందో ఒకసారి చూస్తే తెలుస్తుంది.

రంగు ఎంచుకోవడం

ముహూర్తం వేళకు వధూవరులిద్దరూ మధుపర్కాల్లో ఉంటారు. తెల్లటి నూలు బట్ట, ఎర్రటి అంచు. వెనకాల కూడా తెల్లపూలు, తెల్ల గుడ్డ కడితే ఇద్దరూ గోడలో కలిసిపోతారు. ఫొటోల్లో మొహాలు మాత్రమే తేలుతాయి. అందుకే వెనక ఆకుపచ్చ గానీ, పసుపు గానీ, ముదురు ఎరుపు గానీ ఉండాలి. నాకు అన్నిటికన్నా నచ్చేది పచ్చటి కొబ్బరాకు నేపథ్యం మీద బంతిపూల పసుపు. మధుపర్కం దానిమీద దీపంలా వెలుగుతుంది. రిసెప్షన్‌కు వేరే రోజు, వేరే వేదిక ఉంటే అక్కడ తెలుపు, లేత గులాబీ, మీకు నచ్చినది పెట్టుకోండి. అక్కడ ఏ తంతూ లేదు కాబట్టి అంత ఆలోచన అక్కర్లేదు.

పూలు

పూల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఖర్చు ఎక్కువగా పోయేదీ, వృథా ఎక్కువగా అయ్యేదీ ఇక్కడే.

మనకు పూలు మూర లెక్కన అమ్ముతారు. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూర, సుమారు అడుగున్నర. కొలిచే చెయ్యి ఎవరిదన్న దాన్ని బట్టి రెండు మూడు అంగుళాల తేడా వస్తుంది. నూట యాభై మూరల మీద ఆ తేడా చాలా పెద్దది. కాబట్టి మాట్లాడేటప్పుడు అడుగుల్లో మాట్లాడండి, రాయించేటప్పుడూ అడుగుల్లోనే రాయించండి.

లెక్క ఇలా వేయాలి. 14 అడుగుల వెడల్పున్న మండపం ముందు, అర అడుక్కో దండ వేలాడదీస్తే 29 దండలు వస్తాయి. ఒక్కొక్కటి మూడడుగులు, అంటే రెండు మూరలు. మొత్తం 58 మూరలు. తొమ్మిదడుగుల స్తంభానికి నిలువుగా నాలుగు దండలు, ఒక్కొక్కటి ఆరు మూరలు, స్తంభానికి 24, నాలుగు స్తంభాలకు 96. ఇంతవరకు 154. గుమ్మానికి 20 కలిపితే 174. తెగేవి, వాడేవి పదో వంతు వేసుకుంటే సుమారు 190 మూరలు. ఈ కాగితం చేతిలో ఉంటే ఎవరు ఎంత చెప్పినా టెన్షన్ ఉండదు. విడిపూలు కొని ఇంట్లోనే గుచ్చుకునేవాళ్లు ముందుగా ఒక కిలో బంతిపూలు తెచ్చి గుచ్చి, ఎన్ని అడుగులు వచ్చిందో కొలిచి, దాన్ని బట్టి కిలోలు తేల్చుకోండి. పువ్వు సైజును బట్టి ఇది మారిపోతుంది, ఇంకొకరి లెక్క మీకు పనికిరాదు.

ఊళ్లో పూలకు పూర్ణా మార్కెట్ పాత దారి. తెల్లవారకముందే వెళ్లాలి. ఎక్కువ మొత్తంలో కావాలంటే కడియపులంక పూల మార్కెట్ ఉంది, రాజమండ్రి దాటాక, మనకు సుమారు 200 కిలోమీటర్లు. కార్నేషన్లు, జెర్బెరాల్లాంటివి ఎక్కువగా బెంగళూరు వైపు నుంచి వస్తాయి. అవి దారిలోనే ఒక రోజు ప్రయాణం చేసి వస్తాయని మర్చిపోకండి. మూఢం వెళ్లాక వచ్చే మొదటి ముహూర్తాలకు, శ్రావణ శుక్రవారాలకు ధర ఒక్కసారిగా లేస్తుంది. ఆ రోజుల్లో పెళ్లయితే పూలు తగ్గించి ఆకు పెంచండి.

పువ్వు స్వభావం తెలుసుకుని వాడితే సగం పూలతో పనవుతుంది. బంతి, చామంతి రెండు రోజులు నిలుస్తాయి కాబట్టి ముందురోజు సాయంత్రం కట్టేయవచ్చు. కనకాంబరానికి వాసన ఉండదు, రంగు మాత్రం మర్నాటి దాకా చెక్కుచెదరదు. గులాబీ ఆఖరున. లిల్లీ వాసన రాత్రిపూట తేలుతుంది, అందుకని మండపానికి దగ్గరగా కట్టాలి. మల్లెల సంగతి వేరు. మల్లెను మొగ్గగానే కట్టాలి. రాత్రి ఒంటిగంట ముహూర్తమైతే సాయంత్రం ఆరింటికి, ఇంకా గట్టిగా, పచ్చిగా ఉన్న మొగ్గల దండలను పీటలకు రెండు పక్కలా వరుసగా వేలాడదీయండి. ఎదురుకోలు అయ్యేసరికి కొసలు విచ్చుకుంటాయి. సుముహూర్తం వేళకు దండలన్నీ తెల్లగా విప్పారి ఉంటాయి, వాసన పీటల దగ్గర నిలబడిపోతుంది. ఎండాకాలపు పెళ్లికి ఇంతకన్నా మంచి అలంకరణ నాకు తెలియదు. పగటి ముహూర్తాలకు మాత్రం మల్లెలు వద్దు, పదింటికల్లా గోధుమరంగు తిరిగిపోతాయి.

సింహాచలం సంపెంగలు దొరికే రోజుల్లో ఒక గుప్పెడైనా తెప్పించండి. దండ కట్టవద్దు. ఇత్తడి చెంబులో నీళ్లు పోసి, గౌరీపూజ దగ్గర ఒకటి, పీటల దగ్గర ఒకటి పెట్టండి చాలు.

తెచ్చిన పూలను సంచుల్లో కుక్కి ఉంచవద్దు. పూలు కుప్పలో ఉంటే లోపల వేడెక్కి తొడిమల దగ్గర నల్లబడతాయి. మన ఊరి చెమ్మకు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. నీడలో తడి నూలుబట్ట మీద పల్చగా పరిచి, పైన ఇంకో తడిబట్ట కప్పండి. నీళ్లు కుమ్మరించకండి.

ఆకు, బోదె, తోరణం

మామిడాకు తోరణానికి లేత ఆకులు వద్దు, ఎర్రగా ఉన్నవి పూట గడవకముందే ముడుచుకుపోతాయి. ముదురు ఆకులు తీసుకుని తడిగుడ్డతో తుడవండి. ఆకును తొడిమ దగ్గర పురికొస మీదికి మడిచి, ఈనెపుల్లను రెండంగుళాల ముక్కగా విరిచి, మడత మీద గుచ్చి బయటికి తీయాలి. టకటకా స్టేప్లర్ కొట్టేస్తే ఆకు రెండోరోజుకు ఆ చోటే చిరుగుతుంది, పైగా పిన్నులు కాళ్లకు గుచ్చుకుంటాయి. మా పెద్దమ్మ ఈనెపుల్లను ఆకు మధ్య ఈనెకు పక్కగా గుచ్చేది. మధ్యలో గుచ్చితే ఆకు తిరగబడుతుందట. చేసి చూస్తే నిజమే.

అరటి బోదెలు గెలతో, పువ్వుతో ఉన్నవి గుమ్మానికి రెండు, మండపానికి నాలుగు. ముందురోజు సాయంత్రం తెప్పించి, మొదలుకు తడి గోనె చుట్టి నిలబెట్టండి. గెల బరువు ఒకవైపు లాగుతుంది కాబట్టి స్తంభానికి మూడుచోట్ల కట్టాలి, ఒకచోట కడితే రాత్రికి ఒరుగుతుంది. ఆకులు గాలికి చీరుకుపోకుండా ఉండాలంటే బయటవి కట్టడం తెల్లవారుజామునే పెట్టుకోండి.

పందిరి రాట ఇంటి దగ్గర వేస్తాం. ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల అపార్టుమెంట్లలో నేల దొరకదు. పెద్ద మట్టి తొట్టెలో ఇసుక నింపి అందులో రాట నిలబెట్టి పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు, నవధాన్యాల మూట కడుతున్నారు. చక్కగా ఉంటుంది. తొట్టెకు సున్నం పూసి, ఎర్రమట్టి పట్టీలు వేస్తే ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టినట్టు ఉండదు. అసోసియేషన్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పి, రాట ఎన్నాళ్లు ఉంటుందో చెప్పండి. స్థలం ఉన్నవాళ్లు మాత్రం ఇంటి ముందు తాటాకు పందిరి వేయించండి. సరుగుడు కర్రలు, పచ్చి తాటాకు, కింద కల్లాపి, బియ్యప్పిండి ముగ్గు. షామియానా కింద ఉన్న వేడి దీనికింద ఉండదు.

మండపం గుడ్డ, నిప్పు, కరెంటు

హోమగుండం పైన గుడ్డ అసలు లేకుండా చేయడం మంచిది. పందిరి కప్పు తప్పనిసరి అయితే గుండానికీ దానికీ మధ్య కనీసం ఎనిమిది అడుగులు వదలండి. నెయ్యి పడితే మంట ఒక్కసారిగా లేస్తుంది. పక్క గుడ్డలు స్తంభాలకు బిగించి కట్టాలి, గాలికి ఎగిరేలా ఉండకూడదు. పాలిస్టర్ నెట్ అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా కారుతుంది, ఒంటిమీద పడితే అతుక్కుంటుంది. నూలు గుడ్డ కూడా కాలుతుంది కానీ అలా కారదు. మండపం లోపల నూలే వాడమని పట్టుబట్టండి. ఒక ఇసుక బకెట్, ఒక మంటలార్పే సిలిండర్ పూల చాటున పెట్టించండి, అవి ఎక్కడున్నాయో ఇద్దరికి చెప్పి ఉంచండి.

థర్మోకోల్ అక్షరాలు, స్తంభాలు తెస్తామంటే వద్దనండి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పైగా నిప్పు పక్కన దాన్ని పెట్టడం ప్రమాదం.

లైట్ల విషయంలో డెకరేషన్ వాళ్లకు చెప్పాల్సింది ఒకే మాట: పీటల మీద పసుపు ఛాయ ఉన్న తెల్లటి వెలుగు తప్ప ఇంకో రంగు పడకూడదు. ఊదా, నీలం ఫోకస్ లైట్లు పడితే పసుపు రాసిన మొహం బూడిదరంగులో కనబడుతుంది, కుంకుమ నల్లగా వస్తుంది. రంగుల లైట్లు కావాలంటే చెట్లకూ, గోడలకూ పెట్టుకోమనండి. సీరియల్ సెట్లకు వేరే లైన్ ఇప్పించండి, ఒకటి పోతే మండపం చీకటి కాకూడదు. సముద్రపు చెమ్మకు వైర్ల అతుకుల దగ్గర షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పూలమీద నీళ్లు చల్లేటప్పుడు ఆ లైన్ ఆపాలి. జనరేటర్ ఎంత లోడు మోస్తుందో అడిగి, అన్ని లైట్ల వాట్లు కూడి చూసుకోండి.

అరుంధతిని చూపించే చోటు సంగతి ఎవరూ పట్టించుకోరు. బయట ఒక మూల, ఉత్తరం వైపు ఆకాశం కనబడేలా ఎంచుకుని, అక్కడి లైట్లకు విడిగా స్విచ్ పెట్టించండి. వశిష్ఠుడి పక్కన మసకగా ఉండే చిన్న చుక్క అరుంధతి. కళ్లలోకి హాలోజన్ లైటు కొడుతుంటే ఆ చుక్క కాదు కదా, చంద్రుడు తప్ప ఏమీ కనబడదు. మొన్న వైశాఖంలో ఒక పెళ్లిలో ఆ మూల లైట్లు ఆపించాం. పురోహితులు గారు వేలు చూపించగానే పెళ్లికూతురు "ఆ చిన్నది... కనబడింది పంతులు గారూ" అంది. పక్కనున్న పెద్దవాళ్లంతా తలెత్తి చూశారు.

పేరు బోర్డు, తాంబూలం బల్ల

ఇవి త్వరగా తేలిపోయే పనులు. గుమ్మం దగ్గర పేర్లు తెలుగులో రాయించండి. కంప్యూటర్‌లో అచ్చు వేసేటప్పుడు ఒత్తులు విడిపోయి పక్కకు జారుతుంటాయి. ప్రింటుకు ముందు నమూనా తెప్పించుకుని ఒక్కో అక్షరం చూడండి. చేతిరాత తెలిసిన వాళ్లుంటే చెక్కమీద రాయిస్తే ఇంకా బాగు.

తాంబూలాల బల్ల మీద ఏటికొప్పాక బొమ్మలు పెట్టండి. మనకు 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున చేసే బొమ్మలవి. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీ వీధుల్లో ఊరేగినవి ఇవే. పెళ్లికొడుకు పెళ్లికూతురు, సన్నాయి మేళం, పల్లకి, అన్నీ దొరుకుతాయి. చుట్టాలకు ఇచ్చే కానుక కూడా అదే అయితే అలంకరణకు విడిగా ఖర్చు ఉండదు. వందకు మించి కావాలంటే రెండు నెలల ముందే చెప్పాలి, చేత్తో చేసేవి కదా.

మాట, కాగితం, ఆఖరి రెండు రోజులు

డెకరేషన్ వాళ్లతో ఒప్పందం నోటిమాటగా వదిలేయకండి. ఏ పువ్వు ఎన్ని అడుగులు, నిజం పూలా ప్లాస్టిక్ పూలా, దొరక్కపోతే బదులు ఏది, ఏ గుడ్డ, జనరేటర్ ఎవరిది, పని ఎన్నింటికి ముగియాలి, ఎన్నింటికి తీయాలి, అన్నీ ఒక కాగితం మీద ఉండాలి. ముహూర్తానికి కాదు, పెళ్లికూతురు గౌరీపూజకు కూర్చోవడానికి రెండు గంటల ముందు మండపం పని పూర్తవ్వాలని రాయించండి. ఆఖరి గంటలో నిచ్చెనల మీద మనుషులుంటే ఏ పూజా ప్రశాంతంగా జరగదు. నాగవల్లి మర్నాడు ఉంటే మండపం అప్పటిదాకా తీయకూడదన్నది కూడా రాయాలి. ఒక పెళ్లిలో తెల్లారేసరికి స్తంభాలు విప్పేసి, రెండు బోదెలు మాత్రమే మిగిల్చారు.

ముందురోజు పొద్దున ఫ్రేము, కప్పు, కరెంటు పూర్తవ్వాలి. సాయంత్రం బోదెలు, బంతి, చామంతి. పెళ్లిరోజు ఉదయం తోరణాలు, ముగ్గులు. ఆఖరున మల్లె, గులాబీ, పీటల దగ్గరి పనులు. ముగ్గు మండపం మెట్ల మీద వేయవద్దు, తడికాళ్లతో ఎక్కేవాళ్లు జారతారు. తలంబ్రాలు అయ్యాక బియ్యం, ముత్యాలు నేలమీద పరుచుకుని కాలు నిలవదు. సప్తపది ముందు ఊడ్చడానికి కొత్త చీపురు ఒకటి, ఆ పని చేసే మనిషి ఒకరు సిద్ధంగా ఉండాలి. నేను ఈ పని ఎప్పుడూ ఇంట్లో పిల్లలకే అప్పగిస్తాను. పదేళ్ల వాళ్లు దాన్ని ఎంత శ్రద్ధగా చేస్తారో చెప్పలేను.

మీ తరఫున ఒక మనిషిని అలంకరణకు కేటాయించండి. పెళ్లికూతురి అమ్మానాన్నలు మాత్రం వద్దు, వాళ్లు పీటల మీద ఉంటారు. పిన్నో, బాబాయో, పెదనాన్న కొడుకో, రాత్రంతా మెలకువగా ఉండగలిగిన మనిషి.

అయిపోయాక

వాడిన పూలు సముద్రంలో వేయకండి. దారాలు, తీగలు, పిన్నులు పూలతోపాటే పోయి ఒడ్డుకు తిరిగొస్తాయి. దండల నుంచి దారం లాగేసి, పూలు, ఆకులు తడిచెత్తగా విడిగా ఇవ్వండి. తోట ఉన్నవాళ్లు గుంట తీసి పాతేస్తే ఎరువవుతుంది. బోదెలను ముక్కలుగా నరికి మొక్కల మొదట్లో వేయవచ్చు. అరటి గెలలు చుట్టాలు పంచుకుంటారు. అరివేణి కుండలు, పాలికలు ఏం చేయాలో ఇంటి పెద్దావిడను అడగండి, అవి చెత్తలోకి వెళ్లేవి కావు. రాట తీసే రోజు పురోహితుడిని అడిగి పెట్టుకోండి. ఆ తొట్టెలో, అదే ఇసుకలో కాస్త మట్టి కలిపి, మా వదిన మల్లె అంటు నాటింది.